జలుబా, ఫ్లూనా? ఇంట్లో ఇద్దరికి బాగోలేదు, ఇచ్చింది ఒకటే మందు పొట్లం

కాకినాడ కోడలు
మంగళవారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. ఎవరైనా కాస్త తొందరగా చెప్పండి. ఇంట్లో ఇద్దరికి బాగోలేదు.

మా బాబుకి ఐదున్నరేళ్లు, యూకేజీ. శనివారం నుంచి ముక్కు కారుతోంది, తుమ్ములు, గొంతు కొంచెం బొంగురు. జ్వరం లేదు. తిండి తగ్గింది గానీ ఆట మానలేదు. ఇప్పుడు కూడా ముక్కు చొక్కా చేతికి తుడుచుకుంటూ హాల్లో బొమ్మకారు తోలుతున్నాడు.

మావయ్యగారి సంగతి వేరేలా ఉంది. 68 ఏళ్లు, షుగర్‌కి మాత్రలు వాడతారు. నిన్న సాయంత్రం పార్కులో నడిచి వచ్చి, కాఫీ తాగి, పేపర్ చదువుతూ కూర్చున్నారు. దీపం పెట్టే వేళకి ఫ్యాన్ ఆపేయమన్నారు. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. జ్వరం చూస్తే 102.6. నడుము, పిక్కలు ఒకటే నొప్పులు. తలగడకి తల ఆనిస్తే జుట్టు కుదుళ్లు కూడా నొప్పి అంటున్నారు. ముక్కు కారడం లేదు, రాత్రి నుంచి పొడి దగ్గు మొదలైంది.

మా వారు ఆఫ్‌షోర్ డ్యూటీలో ఉన్నారు. రాత్రి మెడికల్ షాపులో చెబితే "వైరలే అమ్మా, ఊళ్లో అందరికీ ఇదే" అని ఇద్దరికీ ఒకే రకం పొట్లం కట్టి ఇచ్చారు. బాబుకి సగం సగం వెయ్యమన్నారు. ఇంకా వెయ్యలేదు. ఇద్దరిదీ ఒకటేనా? వెయ్యాలా వద్దా?

మానేరు తీరం
మంగళవారం, ఉదయం 7:35

ఒకటి కాదనే అనిపిస్తోంది చెల్లె. సర్ది ఎప్పుడు మొదలైందంటే ఎవ్వరూ సరిగ్గా చెప్పలేరు, "మొన్నటి నుంచి ఉన్నట్టుంది" అంటరు. ఫ్లూ పట్టినోళ్లు మాత్రం గంటతో సహా చెప్తరు. మీ పోస్టులోనే చూడండి, బాబుకు "శనివారం నుంచి" అని రాసిండ్రు, మామయ్యకు దీపం పెట్టే వేళకు అని రాసిండ్రు.

2015 మొదట్ల తెలంగాణల స్వైన్ ఫ్లూ గట్టిగ ఉన్నప్పుడు మా అన్నకు అచ్చం ఇట్లనే వచ్చింది. పొద్దున బ్యాంకుకు మంచిగనే పోయినోడు మధ్యాహ్నానికి కుర్చీల కూసోలేక ఆటో ఎక్కి ఇంటికొచ్చిండు. నేను డాక్టర్‌ను కాదు. కానీ పెద్దమనిషి, షుగర్ ఉంది. ఇయ్యాలనే చూపియ్యండి.

ఫార్మసీ కౌంటర్
మంగళవారం, ఉదయం 7:52

పొట్లం పక్కన పెట్టండి మేడమ్. అందులో ఉన్న షీటు ముక్కల వెనక పేర్లు కనబడితే ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. ఆయనకి ప్రోస్టేట్, బీపీ ఉన్నాయేమో కూడా చెప్పండి.

కాకినాడ కోడలు
మంగళవారం, ఉదయం 8:04

నాలుగు ఉన్నాయండి. అజిత్రోమైసిన్ 500. పారాసెటమాల్ 650. ఒక పసుపు జలుబు మాత్ర, దాని వెనక పారాసెటమాల్, ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ అని ఉంది. నాలుగోది చిన్న తెల్ల మాత్ర, సగం పేరే కనబడుతోంది, "డెక్సా" అని. బీపీ కొంచెం ఉంది. రాత్రిళ్లు మూడు నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేస్తారు.

ఫార్మసీ కౌంటర్
మంగళవారం, ఉదయం 8:20

అడిగింది ఇందుకే. ఒక్కొక్కటీ చెబుతాను.

అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్. జలుబైనా ఫ్లూ అయినా వైరస్ కాబట్టి దాని మీద ఇది పనిచేయదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం దేశమంతా తిరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ డాక్టర్లకే చెప్పింది, ఈ జ్వరాలకి యాంటీబయాటిక్స్ రాయొద్దని.

"డెక్సా" అంటే చాలావరకు డెక్సామెథసోన్, స్టెరాయిడ్. వేసుకున్న రెండు మూడు గంటల్లో ఒళ్లు తేలికపడి "మందు భలే పనిచేసింది" అనిపిస్తుంది. షుగర్ మాత్రం ఎక్కడికో పోతుంది. పైగా ఫ్లూలో ఊరికే స్టెరాయిడ్ ఇవ్వకూడదు. డాక్టర్ చూడకుండా ఇది ఆయన నోట్లో పడకూడదు.

ఇక ఆ పసుపు మాత్రలో పారాసెటమాల్ ముందే ఉంది. మీ దగ్గరున్న రకంలో 500 ఉందనుకుంటే, పక్కన 650 కూడా వేస్తే ఒక్క పూటకే 1150 మి.గ్రా. అయింది. ఇలా తెలియకుండా రెండింతలు మింగేవాళ్లు మా కౌంటర్‌కి రోజూ వస్తారు. ఫినైలెఫ్రిన్ బీపీని పెంచుతుంది. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకి క్లోర్‌ఫెనిరమిన్‌తో మూత్రం బిగుసుకుపోవచ్చు. ఈ రెండూ కలిసిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి ఇవ్వరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. మీ బాబుకి ఐదు దాటినా సరే, పెద్దవాళ్ల మాత్ర సగం విరిచి పిల్లలకి వెయ్యడం ఎప్పుడూ వద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు మావయ్యగారికి లివర్ జబ్బు లేకపోతే ఆ పారాసెటమాల్ 650 ఒక్కటి వేయండి. ఆరు గంటల ఎడం ఉంచండి.

ఛాతీ డాక్టర్
మంగళవారం, ఉదయం 9:05

పల్మనాలజీలో పనిచేస్తాను. రౌండ్స్ మధ్యలో రాస్తున్నాను, పై ఇద్దరూ చెప్పింది సరైనదే.

జలుబు ముక్కులో, గొంతులో ఉండే జబ్బు. ఎక్కువగా రైనోవైరస్‌ల వల్ల వస్తుంది, వాటిలో వందకి పైగా రకాలున్నాయి కాబట్టి ఏటా మళ్లీ మళ్లీ పట్టుకుంటుంది. మొదట గొంతులో గరగర, తర్వాత తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, తర్వాత చిక్కని చీమిడి. పెద్దవాళ్లకి జ్వరం రావడం తక్కువ, వచ్చినా 100 చుట్టూ. మనిషి విసుక్కుంటాడు గానీ పని చేసుకుంటాడు. చీమిడి పసుపో ఆకుపచ్చో అయిందంటే ఇక యాంటీబయాటిక్ కావాలని చాలామంది అనుకుంటారు. రంగు ఒక్కటే చూసి అలా చెప్పలేం.

ఫ్లూ ఒళ్లంతటి జబ్బు. ఇన్‌ఫ్లుయెంజా ఎ, బి అనే వైరస్‌లు తెస్తాయి. ముక్కు పెద్దగా కారకపోవచ్చు. చలి, 101 నుంచి 104 దాకా జ్వరం, తలనొప్పి, కండరాల నొప్పులు, పొడి దగ్గు, అన్నిటికీ మించి నీరసం. నేను పేషెంట్‌ని మొదట అడిగేది జ్వరం ఎంత అని కాదు, "నిన్న లేచి స్నానం చేయగలిగారా?" అని. జలుబు మనిషి చేశానంటాడు. ఫ్లూ మనిషి తరఫున ఇంట్లోవాళ్లు జవాబు చెబుతారు.

అయితే లక్షణాలు చూసి ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. కోవిడ్ కూడా ఈ రెండిట్లో దేనిలాగైనా కనబడుతుంది. కొందరు పిల్లలకి ఫ్లూ జలుబంత తేలిగ్గా పోతుంది. బాగా పెద్దవాళ్లకి జ్వరమే రాకుండా తికమక, తిండి మానేయడం మాత్రమే కనబడవచ్చు. కాబట్టి జబ్బు పేరు కంటే అది ఎవరికి వచ్చిందన్నది ముఖ్యం.

మావయ్యగారి విషయంలో గడియారం చూసుకోవాలి. ఒసెల్టమివిర్ అనే మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా ఉపయోగం. నిన్న దీపాల వేళ అంటే రేపు సాయంత్రానికి ఆ గడువు అయిపోతుంది. కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) మార్గదర్శకాల్లో రోగుల్ని ఎ, బి, సి అనే విభాగాలుగా విడదీశారు, ఇవి వైరస్ పేర్లలోని ఎ, బి కావు. 65 దాటినవాళ్లు, షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు బి-2 విభాగం కిందికి వస్తారు. వీళ్లకి టెస్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టవచ్చు. ఇది చీటీ లేకుండా అమ్మే మందు కాదు, కిడ్నీల పనితీరును బట్టి మోతాదు తగ్గించాల్సి రావచ్చు. పాత క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రిపోర్టు ఉంటే చేతిలో పెట్టుకుని ఈరోజే వెళ్లండి.

ఇంకొకటి. ఇది సెప్టెంబరు. మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది, జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానల తర్వాత ఇంకోసారి. ఈ రెండో విడత సరిగ్గా డెంగీ రోజుల్లోనే వస్తుంది. డెంగీ కూడా ఇలాగే హఠాత్తుగా, ఒళ్లు నొప్పులతో మొదలవుతుంది. దగ్గు ఉంటే ఫ్లూ వైపు, కళ్ల వెనక నొప్పి, ఒంటిమీద ఎర్ర దద్దుర్లు, వాంతులు ఉంటే డెంగీ వైపు అనుమానిస్తాం. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష పనికొస్తుంది. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు గానీ, నొప్పుల ఇంజెక్షన్ గానీ వద్దు, రక్తస్రావం ముప్పు ఉంటుంది. గుండెకి రోజూ ఆస్పిరిన్ వాడుతుంటే సొంతంగా ఆపకండి, డాక్టర్‌కి చెప్పండి.

సీమ గాలి
మంగళవారం, ఉదయం 10:18

డాక్టర్ గారూ, ఒక మాట. ఇలా రాస్తే రేపటి నుంచి జ్వరం వచ్చిన ప్రతివాడూ ఒసెల్టమివిర్ కావాలని పరిగెత్తుతాడు. నాకు ముప్పై ఏళ్లు, పోయిన వానాకాలం ఇదే జ్వరం వచ్చింది. పారాసెటమాల్, గంజి, నిద్ర, అంతే. నాలుగో రోజుకి జ్వరం పోయింది. అందరూ టెస్టులు చేయించుకోవాలంటే మా పల్లెల్లో జరిగే పని కాదు.

ఛాతీ డాక్టర్
మంగళవారం, మధ్యాహ్నం 1:30

మీరు చెప్పింది నిజమే, మార్గదర్శకాల్లో ఉన్నదీ అదే. మీలాంటి ఆరోగ్యవంతులు ఎ విభాగం కిందికి వస్తారు. టెస్టు అక్కర్లేదు, ఒసెల్టమివిర్ అక్కర్లేదు, ఇంటిపట్టున ఉండి ఒకటి రెండు రోజుల తర్వాత ఎలా ఉందో చూసుకోవాలి. జలుబా ఫ్లూనా అని మీరు తేల్చుకోకపోయినా నష్టం లేదు. మీరు వేసుకోకూడనివి మాత్రం అవే: యాంటీబయాటిక్, స్టెరాయిడ్.

వయసు ఎంతైనా సి విభాగం గుర్తులుంటే ఇంట్లో ఉండకూడదు. ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలంగా మారడం, మాటలో తికమక, కళ్లెలో రక్తం, పల్స్ ఆక్సీమీటర్‌లో 94 కంటే తక్కువ. ఇంకోటి జనం పట్టించుకోనిది: జ్వరం తగ్గి, ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్లీ జ్వరంతో దగ్గు ఎక్కువవడం. అది న్యుమోనియా కావచ్చు. అక్కడ యాంటీబయాటిక్ నిజంగానే అవసరం పడుతుంది.

వార్డు నర్సు
మంగళవారం, మధ్యాహ్నం 2:15

సీమ గాలి తమ్ముడూ, పల్లె మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. నేను పీహెచ్‌సీలో చాలా ఏళ్లు చేశాను. మా దగ్గర జ్వరం వచ్చిన రెండో రోజే ల్యాబుకి పంపి వైడాల్ అనే రక్తపరీక్ష చేయించి "టైఫాయిడ్" అని చేతిలో పెడతారు. ఇక వారం పాటు రోజూ సెలైన్, ఇంజెక్షన్. ఆ పరీక్ష మొదటి వారంలో నమ్మదగ్గది కాదు, మన ప్రాంతాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా పాజిటివ్ చూపించవచ్చు. టైఫాయిడ్ జ్వరం రోజురోజుకీ మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. పేపర్ చదువుతున్న మనిషిని గంటలో పడగొట్టదు. అనుమానం గట్టిగా ఉంటే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) అడగండి. ఆ వారం రోజుల సెలైన్ డబ్బులు కూలి చేసుకునే ఇంటికి ఎంత భారమో కళ్లారా చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

కోడలు పిల్లా, బాబుకి జ్వరం లేదని నిశ్చింతగా ఉండకు. నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు ఎగురుతుందో నిండు నిమిషం లెక్కపెట్టు. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లలకి నిమిషానికి 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకి 50, అంతకన్నా పసివాళ్లకి 60. ఆ లెక్కకి చేరినా దాటినా ఆసుపత్రికే. మీవాడికి ఐదు దాటింది కాబట్టి 40 కన్నా తక్కువే ఉండాలి. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి గుంజుకుంటున్నా ఆగకూడదు. మూడు నెలల లోపు బిడ్డకైతే 100.4 జ్వరం చాలు, అర్ధరాత్రయినా తీసుకెళ్లాల్సిందే.

అట్లాంటా అమ్మ
మంగళవారం, సాయంత్రం 5:40

ఇక్కడ ఫార్మసీల్లో కోవిడ్, ఫ్లూ రెండూ ఒకే స్వాబ్‌తో చూసే కిట్లు దొరుకుతాయి, ఇంట్లోనే పావుగంటలో తెలుస్తుంది. పాజిటివ్ వస్తే చాలావరకు నమ్మొచ్చు. నెగటివ్ వచ్చినంత మాత్రాన ఫ్లూ లేదని అర్థం కాదని మా పిల్లల డాక్టర్ ప్రతిసారీ చెబుతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు డిసెంబరు, జనవరిలో వస్తే ఇక్కడ ఫ్లూ సీజన్ మధ్యలో దిగుతారు. ప్రయాణానికి రెండు వారాల ముందే టీకా వేయించండి, పనిచేయడానికి అంత టైమ్ పడుతుంది.

కాకినాడ కోడలు
మంగళవారం, రాత్రి 9:50

వెళ్లొచ్చామండి. ముక్కులో స్వాబ్ తీశారు, ఇన్‌ఫ్లుయెంజా ఎ పాజిటివ్. డెంగీ ఎన్‌ఎస్1 నెగటివ్. ఆక్సిజన్ 96. ఒసెల్టమివిర్ రోజుకి రెండుసార్లు ఐదు రోజులు రాశారు, మొదటిది అక్కడే వేయించాం. షుగర్ 280 ఉంది, తిండేమో దాదాపు లేదు. పొట్లంలో మందులు చూపిస్తే ఆ తెల్ల మాత్ర తీసి పక్కన పడేశారు.

ఇప్పుడు ఇంకో టెన్షన్. బాబుకి సాయంత్రం నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది, 101. ఒకసారి వాంతి చేసుకున్నాడు. ఆట మానేసి నా ఒళ్లో పడుకున్నాడు. జలుబు ఫ్లూగా మారుతుందా?

ఛాతీ డాక్టర్
మంగళవారం, రాత్రి 10:25

మారదండి. రెండూ వేరు వేరు వైరస్‌లు. జలుబు ఉన్నవాడికే పైన ఫ్లూ అంటుకోవచ్చు, లేదా మొదటి నుంచీ ఉన్నది ఫ్లూయే అయి ఇప్పుడు బయటపడి ఉండవచ్చు. ఫ్లూ అంటుకున్నాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, ఎక్కువగా రెండో రోజుకి బయటపడుతుంది. లక్షణాలకి ఒక రోజు ముందు నుంచే ఎదుటివాళ్లకి అంటుతుంది కాబట్టి ఎవరి నుంచి ఎవరికి అన్నది ఇప్పుడు తేల్చలేం. పిల్లలకి ఫ్లూలో వాంతులు, విరేచనాలు కూడా ఉంటాయి. రేపు ఉదయం పిల్లల డాక్టర్‌కి చూపించి, ఇంట్లో ఫ్లూ పాజిటివ్ ఉందని మొదటి మాటగా చెప్పండి.

రాత్రికి పారాసెటమాల్ సిరప్ బరువును బట్టి, కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. సీసా మీద 5 మి.లీ.లో ఎంత మందు ఉందో చదివాకే పొయ్యండి. 120, 125, 250 ఇలా వేర్వేరు బలాల్లో దొరుకుతాయి. పదిహేడు కిలోల పిల్లాడికి 250 రకమైతే 5 మి.లీ. సరిపోతుంది. పిల్లలకి ఆస్పిరిన్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఫ్లూలో ఇస్తే మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ రావచ్చు.

మావయ్యగారికి జ్వరంలో తిండి లేకపోయినా షుగర్ పెరుగుతుంది. రోజుకి మూడుసార్లు గ్లూకోమీటర్‌తో చూసి ఆ అంకెలు మీ డాక్టర్‌కి ఫోన్‌లో చెప్పండి. మాత్రలు సొంతంగా ఆపడం, పెంచడం వద్దు.

తులసి కోట
బుధవారం, ఉదయం 6:30

మా ఇంట్లో జలుబుకి శొంఠి, మిరియాలు, తులసి కషాయమే. గొంతుకి హాయిగా ఉంటుంది, వేడివేడిగా నాలుగు గుక్కలు తాగితే నీళ్లు కూడా లోపలికి వెళతాయి. బాబుకి పడుకునే ముందు చెంచాడు తేనె ఇవ్వమ్మా. కర్పూరం మూట కట్టి దిండు కింద పెట్టు, ముక్కు తెరుచుకుంటుంది.

వార్డు నర్సు
బుధవారం, ఉదయం 7:00

కషాయం, తేనె మంచివే పిన్నిగారూ. తేనె ఏడాది దాటిన పిల్లలకి మాత్రమే. కర్పూరం మాత్రం వద్దు. పిల్లల చేతికి చిక్కి నోట్లో పెట్టుకుంటే కొంచెమే అయినా ఫిట్స్ వస్తాయి. పసిపిల్లల ముక్కుకి రాయడం కూడా ప్రమాదమే. ముక్కు దిబ్బడకి ఉప్పునీటి చుక్కలు చాలు, షాపులో సెలైన్ నేజల్ డ్రాప్స్ అంటే ఇస్తారు. చిన్నపిల్లల్ని ఆవిరి గిన్నె దగ్గర కూర్చోబెట్టకండి. గిన్నె ఒలికి తొడలు కాలిన పిల్లలకి నేనే డ్రెస్సింగ్ చేశాను.

దగ్గు సిరప్‌లు కూడా మీ అంతట మీరు కొనొద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని కేంద్రం మళ్లీ చెప్పింది.

బడి పంతులు
బుధవారం, రాత్రి 8:10

తల్లిదండ్రులకి నా విన్నపం. ముక్కు కారుతున్న ప్రతి పిల్లవాణ్ణీ బడి మాన్పించమని అనను, అలా అయితే వానాకాలమంతా బడి ఖాళీయే. జ్వరం ఉన్నవాణ్ణి మాత్రం పొద్దున్నే సిరప్ పోసి పంపకండి. పదకొండింటికి ఆ మందు దిగిపోతుంది, బిడ్డ బెంచీ మీద తల వాల్చేస్తాడు, ఈలోగా పక్కన ఇద్దరికి అంటిస్తాడు. మందు లేకుండా ఒక పూర్తి రోజు జ్వరం రాకపోతే అప్పుడు పంపండి. అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం.

కాకినాడ కోడలు
ఆదివారం, ఉదయం 11:20

అందరికీ ఏమిచ్చినా రుణం తీరదు. బాబుకి ఫ్లూ అనే అన్నారు, జ్వరం శుక్రవారం పోయింది, మళ్లీ కారు తోలుతున్నాడు. మావయ్యగారికి గురువారం నుంచి జ్వరం లేదు, షుగర్ 160కి వచ్చింది. నీరసం ఉంది, దగ్గు వదల్లేదు. దగ్గు సిరప్ ఏదైనా అడగాలా? అత్తయ్యగారికి ఇప్పటిదాకా ఏమీ కాలేదు. ఆవిడకి రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. టీకా ఇప్పుడు వేయించవచ్చా? టీకా వేస్తే జలుబు కూడా రాదా?

ఛాతీ డాక్టర్
ఆదివారం, మధ్యాహ్నం 12:45

మంచి కబురు. ఫ్లూ తర్వాత దగ్గు రెండు మూడు వారాలు ఉండవచ్చు, రోజురోజుకీ తగ్గుతుంటే సిరప్ అక్కర్లేదు. ఆయాసం గానీ మళ్లీ జ్వరం గానీ వస్తే వెంటనే డాక్టర్‌కి చూపించండి. నడక మెల్లగా మొదలుపెట్టమనండి, మొదటి వారం డాబా మీద చాలు.

అత్తయ్యగారికి జ్వరం లేకపోతే ఈ వారమే టీకా వేయించవచ్చు. పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి ఈలోగా మావయ్యగారికి దగ్గరగా ఉన్నప్పుడు ఇద్దరూ మాస్క్ పెట్టుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఇది మరీ అవసరం, ఫ్లూ పట్టిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు పెరుగుతుంది. టీకా జలుబును ఆపదు, ఫ్లూను కూడా పూర్తిగా ఆపుతుందని చెప్పలేను. ఆసుపత్రి పాలవకుండా కాపాడటంలో దాని ఉపయోగం ఎక్కువ. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించాలి, మన దగ్గర వానలకి ముందు వేయించుకుంటే మేలు. మావయ్యగారికి, బాబుకి పూర్తిగా కోలుకున్నాక వేయించండి. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకి మొదటిసారి అయితే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు.

అత్తయ్యగారికి రక్తం పల్చబడే మాత్రలు ఉంటాయి కదా, వాటిని ఆపాల్సిన పని లేదు. ఏం వాడుతున్నారో నర్సుకి ముందే చెప్పండి. సన్న సూదితో వేసి, వేసిన చోట రెండు నిమిషాలు గట్టిగా అదిమి ఉంచుతారు.